పడుగుండాది, వంగి రా నాయనా

రాజమ్మత్త ఇక లేదు. మొన్న శుక్రవారం తెల్లవారుతుండగా గుడియాత్తంలోని తన ఇంట్లో, తన మంచం మీద, ఎవరినీ పిలవకుండానే ఆమె కన్నుమూసింది. కాట్పాడిలో మా ఎదురింటివాళ్ళకు ఫోను వస్తే వాళ్ళమ్మాయి పరుగున వచ్చి తలుపు తట్టింది. అవతల ఉన్నది మా అత్త కొడుకు దామోదరం. "అమ్మ పోయింది బావా" అన్నాడు. ఇంకేదో చెప్పబోయి ఫోను పెట్టేశాడు. దుర్వార్త విని నిశ్చేష్టుడనయ్యానని రాయడం ఇటువంటి సందర్భంలో మర్యాద. నాకు మాత్రం ముందు కలిగింది కోపం. చెప్పులు కనపడలేదని ఇంట్లోవాళ్ళ మీద అరిచాను. బస్సు కదలడం లేదని కండక్టరుతో తగాదా పెట్టుకున్నాను. లత్తేరి దాటేదాకా నేను సీట్లో సరిగా కూర్చోలేదు.

ఆమె ఎవరని ఈ పత్రిక చదివే వేలూరు తెలుగువారు కొందరు అడగవచ్చు. ఏ సంఘానికీ అధ్యక్షురాలు కాదు, ఏ సభలోనూ శాలువా కప్పించుకోలేదు. మా నాన్నకు అక్క. పొన్నైలో పుట్టి, గుడియాత్తం నేతగాళ్ళ వీథికి కోడలుగా వచ్చి, చూపు ఆనినంత కాలం లుంగీలు నేసిన ఇల్లాలు. మా నాన్న కూడా ఆమె వెంటే వచ్చి రెండిళ్ళ అవతల మగ్గం వేసుకున్నాడు గనక నేను ఆ వీథిలోనే పెరిగాను. తరువాత చిత్తూరులో అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకున్నందువల్ల నాకు ఈ అక్షరాలు వచ్చాయి. ఇప్పుడు ఒక బడిలో తెలుగు చెప్పి బతుకుతున్నాను. మా వీథిలో అందరిదీ తెలుగు మాటే, అక్కడి బడులు తమిళం గనక చదవడం మాత్రం ఎవరికీ రాదు. అత్తకూ రాదు. ఆమె గురించి ఆమె వీథి చదవలేని లిపిలో రాస్తున్నానన్న చికాకు ఈ వ్యాసం మొదలుపెట్టినప్పటి నుంచీ నన్ను వదలడం లేదు.

నేత ఎరగనివారికి ఒక్క విషయం చెప్పాలి. మగ్గం ఎక్కే ముందు పడుగుకు, అంటే బట్టలో నిలువుగా సాగే దారాలన్నిటికీ, గంజి పట్టించాలి. అంత పొడుగు నూలును ఇంట్లో పరచలేరు. అందుకని తెల్లవారేసరికి వీథి ఈ కొస నుంచి ఆ కొస దాకా, మనిషి రొమ్ము ఎత్తున, కత్తెర కర్రల మీద పడుగును సాగదీసి, రెండు కొసల్లోనూ పాతిన రాళ్ళకు తాళ్ళతో బిగించి కట్టేవారు. గంజి పూశాక మగవాళ్ళూ ఆడవాళ్ళూ చెరో పక్కన నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుకుంటూ నడిచేవారు. ఆరేదాకా దువ్వుతూనే ఉండాలి. ఆగితే దారాలు ఒకదానికొకటి అంటుకుని పడుగు పాడైపోతుంది. ఒక ఇంటి పడుగుకు వీథి మొత్తం వచ్చేది, రేపు తమ పడుగుకు ఆ ఇల్లు వస్తుంది కాబట్టి.

దానికొక నియమం ఉండేది. పడుగు పరిచి ఉండగా వీథికి అటు నుంచి ఇటు రావాలంటే దాని కింద నుంచి వంగి రావాలి. దాన్ని పైకెత్తకూడదు, పక్కకు తొయ్యకూడదు. అత్త ఇల్లు వీథి నడుమ ఉంది, ఎదురుగా ఏటి వైపు పోయే సందు. ఆ సందులో నుంచి బియ్యం మూటతో, నీళ్ళ బిందెతో, బడిసంచితో ఎవరు వచ్చినా అత్త తన వాకిట్లో కుంచె పట్టుకుని నిలబడి, అటు తిరగకుండానే కేక వేసేది.

"పడుగుండాది, వంగి రా నాయనా!"

ఆ కేక వింటూ పెరిగినవాణ్ణి. ఈనాటికీ బడిలో బెంచీల మధ్య దండెం మీద తడి గుడ్డ ఆరేసి ఉంటే నా నడుము దానంతటదే వంగుతుంది. పిల్లలు నవ్వుతారు.

ఒకసారి ఎన్నికల్లో ఓట్లడిగేందుకు ఒక అభ్యర్థి జీపులో వచ్చాడు. ఏ పార్టీ అన్నది ఇప్పుడు అనవసరం. మెడ నిండా దండలు, వెనక మందీమార్బలం. పడుగు అడ్డం ఉండేసరికి జీపు ఆగింది. సందు చుట్టి నడిచి వచ్చాడు, అక్కడా పడుగే. వెంట వచ్చినవాడొకడు పడుగును పైకెత్తబోతూ దారాల మీద చెయ్యి వేశాడు. అత్త కుంచె ఎత్తింది. "ఓటుకి వచ్చినావు కదప్పా, రోంత వంగితే యాడ అరిగిపోతావు?" అంది. ఆయన మంచివాడే, నవ్వుతూ వంగాడు. దండలు కర్రకు తగులుకుని తెగిపడ్డాయి. లేచి నిలబడ్డాక అత్త ఆయన్ను కిందా మీదా చూసి, "తప్పు లేదు" అంది. ఆమెకు తెలిసిన పొగడ్తల్లో అదే పెద్దది.

నిజంగానే అత్త నోట 'బాగుంది' అన్న మాట ఎవరూ విని ఎరగరు. దామోదరం పెళ్ళిలో విందు తిని "ఉప్పు సరిపోయిండాది" అంది. మా నాన్న నేసిన లుంగీల కోసం వ్యాపారులు వాకిట్లో కాచుకునే రోజుల్లో కూడా, తమ్ముడి బట్టను వెలుతురుకు పట్టి చూసి "ఊఁ, చూస్తాం" అనేది. నాకు ఉద్యోగం వచ్చిందని స్వీటు పొట్లం తీసుకుపోతే, ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఏమప్పా అయివారూ, నువ్వు చెప్పేది ఆ పిల్లోళ్ళకి ఎక్కుతాదా?" అని అడిగింది. ఆ రోజు నాకు ఒళ్ళు మండింది. ఎప్పటికైనా ఈవిడ చేత ఆ ఒక్క మాట అనిపించాలని వీథిలో ప్రతివాడికీ ఉండేది.

చిన్నప్ప మామ, అంటే ఆమె భర్త, పోయిననాటి సంగతి ఇప్పటికీ మా వైపు చెప్పుకుంటారు. వీథిలో చావు జరిగితే అందరూ చేతిలో పని చేతిలోనే వదిలేయాలి. గంజి తడి ఉన్న పడుగైనా సరే, అట్లాగే వదిలేయాలి. మామ జ్వరంతో లోపల పడి ఉన్నాడు. బయట పరిచి ఉన్నది ఆయన మంచాన పడకముందు తన చేత్తో పోగులు వరస కట్టి పోసుకున్న పడుగు. గంజి పూయడం అప్పుడే పూర్తయింది. అత్త మంచినీళ్ళు ఇవ్వడానికి లోపలికి పోయింది. కాసేపటికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, కుంచె తీసుకుంది. "బావ ఎట్లుండాడు?" అని మా నాన్న అడిగితే "పండుకోనుండాడు" అంది. ఎండ పైకి వచ్చేదాకా దువ్వింది. పడుగు ఆరి, చుట్టి, లోపల పెట్టాక చేతులు కడుక్కుని, మెట్టు మీద కూలబడి అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు పక్క వీథికి వినపడింది.

ఊరు ఊరుకుంటుందా? మొగుడు చచ్చినా కుంచె వదల్లేదని, గుండె రాయని, చాలా అన్నారు. మా ఇంట్లో ఆడవాళ్ళు కూడా అన్నారు. పెద్దయ్యాక ఒకసారి నేనే అడిగాను. ఆమె నాకేసి విసుగ్గా చూసింది. "అది ఆయన పోసిన పడుగప్పా. పాడు చేసుకుంటే ఆయనకి నేనేం జవాబు చెప్పేది?" అని లేచి వెళ్ళిపోయింది. ఆ పడుగుతో నేసిన లుంగీలు అమ్మలేదు. దామోదరం ఇప్పటికీ ఒకటి దాచుకున్నాడు.

తరువాతి కాలం మీకందరికీ తెలిసిందే. మరమగ్గాల లుంగీలు లారీల్లో దిగాయి. మేము నేసినదాన్ని అంగడివాళ్ళు తాకి చూడడం కూడా మానేశారు. మగ్గం గుంటలు పూడ్చి వాటి మీద టీవీలు పెట్టుకున్నారు. మగవాళ్ళు తాపీ పనికి, సెంట్రింగు పనికి వేలూరూ కాట్పాడీ పట్టారు. ఆడపిల్లలు కొందరు చెప్పుల ఫ్యాక్టరీ వ్యానెక్కారు, పెద్దవాళ్ళు బీడీ చేటలు ముందు పెట్టుకున్నారు. దీన్ని ప్రగతి అన్నవాళ్ళున్నారు, ప్రళయం అన్నవాళ్ళున్నారు. నేను ఒకరోజు అదీ, ఒకరోజు ఇదీ అంటాను. మా నాన్న మగ్గం మీద ఉన్నన్నాళ్ళూ దగ్గుతూనే బతికాడు, అది మరిచిపోయి పాత రోజులు గొప్పవని రాయడానికి నాకు చెయ్యి రాదు. అయితే ఆ వీథిలో నడుస్తుంటే ఏదో వస్తువు పోగొట్టుకుని వెతుక్కుంటున్నవాడిలా తిరుగుతాను, కాలు ఒకచోట నిలవదు.

షేర్ ఆటోలు వచ్చాక మా వీథి బస్టాండుకు అడ్డదారి అయింది. మొట్టమొదట దూరినవాడు సెల్వం. తమిళుడు, అప్పటికి మీసం సరిగా రాలేదు. మగ్గాలు మిగిలిన కొద్ది ఇళ్ళవాళ్ళు పరిచిన పడుగు ఆరేదాకా వాడు పొద్దున వీథి మొదట్లో ఆగాల్సి వచ్చేది. "పాట్టీ, నేరమాచ్చు, వళి విడుంగ" అని హారను కొట్టేవాడు, అవ్వా, ఆలస్యమవుతోంది దారి వదలమని. అత్త వాడి 'నేరం' మాట పట్టుకుని తెలుగులోనే బదులిచ్చేది. "నీ వండికి నేరమైతే నా నూలుకి నేరం కాదా నాయనా? ఇంజన్ నిలిపి కూచో." వాడికి తెలుగు రాదు, ఈమెకు తమిళంలో తిట్టడం ఇష్టం లేదు. అయినా రోజూ ఈ సంభాషణ నడిచేది. రానురాను వాడు హారను మానేసి, టీ తాగుతూ కాచుకునేవాడు.

తరువాత సిమెంటు రోడ్డు వచ్చింది. తూర్పు కొసన పడుగు కట్టే రాయి అడ్డమన్నారు. కాంట్రాక్టరు తెచ్చిన ముఠాలో సగం మంది మా వీథివాళ్ళే. గడ్డపార పట్టుకుని రాయి దగ్గర నిలబడ్డవాడు దామోదరం. అప్పటికే అత్తకు చూపు మసక. చప్పుడు విని వచ్చి, "ఎవురప్పా అది?" అంది.

"నేనేమ్మా."

అత్త ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నువ్వా. సరే, ఎండగా ఉండాది. మజ్జిగ తాగి పీకు" అని లోపలికి పోయి చెంబు తెచ్చింది.

ఈ సంగతి తెలిసి నేను దామోదరం మీద విరుచుకుపడ్డాను. నీకు లోకంలో వేరే రాళ్ళు దొరకలేదా అన్నాను. వాడు తల దించుకునే చెప్పాడు. "నేను పీకకపోతే ఇంకొగడు పగలగొడతాడు బావా. నేనైతే పగలకుండా పీకినా." ఆ రాయిని తోపుడుబండి మీద తెచ్చి ఇంటి ముందు వేశాడు. అప్పటి నుంచి అత్త కూర్చునే చోటు అదే.

వీథిలో పడుగు పరచడం ఆగిపోయింది. అత్త చూపూ పోయింది. వేలూరు పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాం గాని, అప్పటికే మించిపోయిందన్నారు. కేక మాత్రం ఆగలేదు. రాయి మీద కూర్చుని, సందులో అడుగుల చప్పుడు వినపడగానే "పడుగుండాది, వంగి రా నాయనా!" అనేది. చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసే కొత్త అద్దె ఇళ్ళవాళ్ళు పిచ్చి ముసలమ్మ అని నవ్వారు. మా వాళ్ళకు సిగ్గనిపించింది. ముందుగా వంగినవాడు సెల్వం. ఆమెకు మందుసీసా తెచ్చి ఇవ్వడానికి సందు వైపు నుంచి వస్తూ, అటూ ఇటూ చూసి, ఖాళీ రోడ్డు మీద నడుము వంచి దాటాడు. అడుగుల చప్పుడు ఒక్క క్షణం నెమ్మదించి మళ్ళీ సాగడం అత్త విన్నది. ఆమె ముఖం చూసినవాళ్ళు మరునాటి నుంచి తామూ వంగారు. కొన్నాళ్ళకు కొత్తవాళ్ళకూ అలవాటైంది.

నాకు అది భరించరానిదిగా ఉండేది. ఒకరోజు అడిగేశాను. "అత్తా, యాడుండాది పడుగు?"

"లేదని నాకు తెలీదా అయివారూ?" అంది అత్త. "నేను చెప్పేది నిలిపితే వీథి మర్చిపోతాది." తరువాత కూర్చున్న రాయిని అరచేత్తో నిమిరింది. "ఒక్క తూరి, నేనుండంగానే, ఈ వాకిట్లో పడుగు పెట్టండ్రా. చేత్తో తడిమి చూసుకుంటా. ఇంకేమీ వద్దు నాకు."

జీవితంలో ఆమె ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. దామోదరానికి ఆ రోజు నుంచి నిద్ర లేదు. వీథి చివర ఒకే ఒక్క ఇంట్లో మగ్గం ఆడుతోంది. వాళ్ళు కూడా గంజి పెట్టిన పడుగునే బయటి నుంచి తెచ్చుకుంటారు. ఈ ఒక్కసారికి పచ్చి నూలు తెచ్చి పడుగు పోయమని వాళ్ళను బతిమాలాడు. అటకల మీది కుంచెలు దింపించాడు. తాపీ పనికి సెలవు ఉండే ఆదివారం చూసుకుని అందరినీ రమ్మన్నాడు. నేను రానివాళ్ళను తిట్టడానికి తయారై వెళ్ళాను. అందరూ వచ్చారు. నాకు తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

పడుగు సాగదీశాక గాని తెలియలేదు, తూర్పు కొసన తాడు కట్టడానికి రాయి లేదని. సిమెంటు రోడ్డులో గుంజ దిగదు. అందరం దిక్కులు చూస్తుంటే సెల్వం తన షేర్ ఆటోను వెనక్కు నడిపించుకుని వచ్చి, చక్రాల కింద ఇటుకలు పెట్టి, "ఇదుల కట్టుంగ" అన్నాడు, దీనికే కట్టమని. ఏళ్ళ తరబడి పడుగుకు అడ్డం వచ్చిన బండికే తాడు కట్టాం. వాడు డ్రైవరు సీట్లో కదలకుండా కూర్చున్నాడు.

నీలం, ఎరుపు చారలతో పడుగు వీథి పొడవునా లేచి నిలబడింది. అత్తను దామోదరం చెయ్యి పట్టి తెచ్చి నిలబెట్టాడు. సందులో చప్పుడైంది. "పడుగుండాది, వంగి రా నాయనా!" అని ఆమె కేక వేసింది. ఇన్నేళ్ళ తరువాత ఆ మాట నిజమైంది. పిల్లలు ఆటగా మళ్ళీ మళ్ళీ దాని కింద నుంచి దూరారు. నేనూ దూరాను.

పని మాత్రం చెడింది. గంజి చిక్కనైపోయింది. తాపీకి అలవాటు పడ్డ చేతులు కుంచెను గోడకు అదిమినట్టు అదిమాయి. ఒకప్పుడు నీళ్ళు చల్లిన మట్టి నేల ఉండేది, ఇప్పుడు కింద సిమెంటు కాగి, దువ్వేలోపే దారాలు ఎండిపోయాయి. నడుమ భాగమంతా అట్ట కట్టింది. దామోదరం ముఖం చూశాను, వాడికీ తెలిసింది. మిగతావాళ్ళు ఇంకా సంబరంలో ఉన్నారు.

అత్త చెయ్యి చాపింది. అంచు నుంచి నడుమకు మెల్లగా తడుముతూ వచ్చింది. అట్టకట్టిన చోట వేళ్ళు ఆగాయి. గోటితో విడదీయబోయింది, దారం విడలేదు. కుంచె ఎత్తి ఎవరి వీపు మీద వేస్తుందో అని నేను ఎదురుచూశాను, నిజం చెప్పాలంటే అదే కోరుకున్నాను.

"బాగుండాది" అంది అత్త.

అందరూ చప్పట్లు కొట్టారు. దామోదరం ఆటో వెనక్కు పోయి కూలబడ్డాడు. "అమ్మ బాగుండాదనింది బావా. అయిపోయింది" అని నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. ఎందుకు తిట్టలేదని ఆమె మీద కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ కోపం పోలేదు.

ఆనాటి నుంచి ఆమె కేక వేయడం మానేసింది. రాయి మీదే కూర్చునేది, ఎవరు వచ్చినా పలకరించేది, ఆ మాట మాత్రం లేదు. ఆమె పోవడానికి ముందు ఆదివారం నేను వెళ్ళినప్పుడు సందులో అడుగులు వినపడితే, "అత్తా, ఎవురో వస్తా ఉండారు, చెప్పు" అని తొందరపెట్టాను. "చాల్లే అయివారూ. నువ్వు కాఫీ తాగి పో" అంది. అవే నాతో ఆమె చివరి మాటలు.

శుక్రవారం నేను చేరేసరికి వీథి మొదట్లో ఆటోలన్నీ ఇంజన్లు ఆపి వరసగా నిలబడి ఉన్నాయి. ముందున్నది సెల్వం బండి. ఆపమని ఎవరూ చెప్పలేదు. వీథిలో తడి పడుగేదీ లేదు, ఏడుపు ఆపుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. అందరూ బాహాటంగానే ఏడ్చారు. సందులో నుంచి వచ్చినవాళ్ళు, కొత్త అద్దె ఇళ్ళవాళ్ళతో సహా, నడిరోడ్డు మీద వంగి వచ్చి ఆమెకు దండం పెట్టారు.

మధ్యాహ్నం పాడె లేచింది. ఏటి వైపున్న శ్మశానానికి పోవాలంటే వీథి దాటి ఆ సందులోకే పోవాలి. నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తున్న దామోదరం వీథి నడుమకు రాగానే నడుము వంచి దాటాడు. వెనక పాడె మోసేవాళ్ళు ఆగిపోయారు. భుజాల మీద పాడె పెట్టుకుని ఎట్లా వంగుతారు? ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మేళం ఆగింది. అప్పుడు ఆటో దగ్గర నుంచి సెల్వం అన్నాడు, ఇన్నేళ్ళలో వాడి నోట నేను విన్న మొదటి తెలుగు మాట.

"దించండప్పా. పడుగుండాది."

భుజాల మీది పాడెను చేతుల్లోకి దించారు. మోకాళ్ళు వంచి, తలలు వంచి, నెమ్మదిగా, ఏ దారమూ తగలకుండా ఆమెను అవతలికి దాటించారు. దాటాక మళ్ళీ భుజాలకెత్తుకున్నారు. నేను చివర్లో ఉన్నాను. నా వంతు వచ్చేసరికి ఆ కేక వినపడుతుందని ఒక్క క్షణం ఆగాను. ఎవరూ వేయలేదు. వంగి దాటాను.

అత్తా, ఈ కాగితాన్ని మన వీథిలో కూర్చుని అందరికీ చదివి వినిపిస్తాను. నువ్వు వింటే "ఊఁ, చూస్తాం" అంటావు. ఆ మాట అనే మనిషి ఇక మాకు దొరకదు.